కుడిచెయ్యీ, ఎడమచెయ్యీ

మా పక్కింటివారబ్బాయి జీతానికీ, మా స్నానాలగదిలో ఉన్న సంతూరు సబ్బుకీ చుట్టరికం ఉందంటే మా ఆవిడ మొదట నమ్మలేదు. అబ్బాయి ఇక్కడే, గోపన్‌పల్లిలో, విప్రోవారి ఆవరణలో కంప్యూటరు ముందు కూచుంటాడు. సబ్బు కిరాణాకొట్టునుంచి వస్తుంది. అయినా ఇద్దరి పుట్టిల్లూ ఒకటే. ఆ పుట్టింట్లో మొదట తయారైంది కంప్యూటరూ కాదు, సబ్బూ కాదు. వనస్పతి!

మహారాష్ట్రలో అమల్నేర్ అనే ఊళ్ళో 1945లో మహమ్మద్ హాషిం ప్రేంజీగారు నూనెల కంపెనీ పెట్టారు. పేరు వెస్టర్న్ ఇండియా వెజిటబుల్ ప్రాడక్ట్స్. అంత పొడుగు పేరు కురచపడి కురచపడి విప్రో అయింది. 1966లో ఆయన హఠాత్తుగా పోయారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కొడుకు అజీం ప్రేంజీ ఇరవై ఒకటో ఏట వచ్చి గల్లాపెట్టె ముందు కూచున్నారు. నూనె వ్యాపారం మానలేదు. దాన్ని నిలబెట్టుకుంటూనే సబ్బులు పెంచారు, యంత్రాలకు వాడే హైడ్రాలిక్ సిలిండర్లు చేయించారు. 1978లో ఐ.బి.ఎం. కంపెనీ మన దేశాన్ని విడిచి వెళ్ళిపోతే, ఆ ఖాళీ కనిపెట్టి 1980 ప్రాంతాల కంప్యూటర్లలోకి దిగారు. వనస్పతి డబ్బాల మీద వచ్చిన డబ్బు తీసుకుపోయి కంప్యూటర్ల మీద పెడుతున్నాడంటే, ఆ రోజుల్లో షేర్లున్న పెద్దమనుషులు ఎన్ని రాత్రులు కునుకు లేకుండా గడిపారో నాకు తెలియదు గాని, ఊహించుకోగలను. 2013లో సబ్బులవారూ కంప్యూటర్లవారూ వేరింటి కాపురాలు పెట్టుకున్నారు. అంతవరకూ ఒకే పొయ్యిమీద వంట.

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే ఇళ్ళు మనకు కొల్లలు. తాత నూనె అమ్మితే మనవడు కంప్యూటర్లు అమ్మడం అరుదు. అంచేతనే ఈ ఇంటి కథ చెప్పుకోవలసి వచ్చింది.

అసలు నాకీ ఆలోచన ఇంత గట్టిగా పట్టుకోవడానికి కారణం మా అన్నయ్య. అన్నయ్యంటే మా పెదనాన్నగారి కొడుకు. నల్లగండ్ల పోయే దారిలో ఇరవై ఏళ్ళుగా పిండిమర, దాన్ని ఆనుకుని పొడులూ పచ్చళ్ళూ అమ్మే కొట్టూ నడుపుతున్నాడు. వాడి కందిపొడికి కోకాపేటనుంచి కూడా మనుషులు వస్తారు. వాడి కూతురు ఇంజనీరింగు చదివి, ఉద్యోగం చేసి, మానేసి ఇంటికొచ్చింది. రాత్రి పదింటికి ఆఫీసునుంచి ఇల్లు చేరే మొగుడూ పెళ్ళాలకు, వేడన్నంలో కలుపుకుంటే చాలు అన్నట్టుగా పులిహోర ముద్ద, వేన్నీళ్ళు పోస్తే అయిదు నిమిషాల్లో పప్పుచారు, ఇల్లాంటివి ప్యాకెట్లలో పెట్టి అమ్మాలని దాని పట్టుదల.

"మర తీసేద్దాం నాన్నా. ఆ జాగాలో యంత్రాలు పెడదాం. గోధుమపిండి పట్టించుకునేవాళ్ళు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు" అంటుంది అది.

"నా కందిపొడి నువ్వు పుట్టకముందునుంచీ అన్నం పెడుతోంది" అంటాడు వాడు.

మధ్యన వదిన. ఇద్దరి కంచాల్లోనూ వడ్డించాల్సింది ఆవిడే గదా! ఫిబ్రవరి నెల వచ్చేసింది. గుంటూరు మిరపకాయ ఏడాదికి సరిపడా కొనవలసిన రోజులు. ఆ మిరపకాయ డబ్బు బ్యాంకులో ఉంది. యంత్రాలకు కావలసినదీ దాదాపు అంతే. "బాబాయ్, నువ్వు చెబితే నాన్న వింటాడు" అని పిల్ల, "ఒరేయ్, నువ్వు చెబితే దానికి బుద్ధి వస్తుంది" అని వాడు, ఇద్దరూ నా ప్రాణం మీదికి వచ్చారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. అన్నయ్య కొత్తదనం గిట్టనివాడేమీ కాదు. కందిపప్పు మూకుట్లో వేయించడం మాని, గుండ్రంగా తిరిగే డ్రమ్ము చేయించాడు. దానితో మాడు వాసన పోయింది. మిరపకాయ తొడిమలు తీసే పద్ధతి మార్చి వృథా తగ్గించాడు. ఇదీ కొత్తదనమే. కాకపోతే ఉన్నదాన్ని మెరుగుపెట్టే కొత్తదనం. కూతురిది లేనిదాన్ని వెదికే కొత్తదనం. ఈ రెండూ ఒకే పేరుతో చలామణీ అయిపోవడంచేత ఇళ్ళల్లోనూ కంపెనీల్లోనూ సగం తగాదాలు వస్తాయి.

ఈ తేడాను శాస్త్రంగా చెప్పినవాడు జేమ్స్ మార్చ్ అనే ఆచార్యుడు. ప్రేంజీగారు చదువు వదిలి వచ్చిన ఆ స్టాన్‌ఫర్డ్‌లోనే పాఠాలు చెప్పేవాడు. 1991లో ఆయన ఒక వ్యాసం రాశాడు. ఉన్న విద్యకు పదును పెట్టుకుంటే ఫలం దగ్గర్లోనే ఉంటుంది, ఖాయంగా ఉంటుంది. కొత్తది వెదికితే ఫలం దూరం, అనుమానం, చాలాసార్లు నష్టం కూడా. అంచేత ఎవరూ కుట్ర పన్నకుండానే, ఏటేటా లెక్కలు చూసుకునే ప్రతి కంపెనీ మెల్లిమెల్లిగా మొదటిదానివైపే జారిపోతుంది. దానికి ప్రతి నెలాఖరుకీ సాక్ష్యం దొరుకుతుంది మరి. రెండోదానికి సాక్ష్యం పదేళ్ళ తరవాత గాని రాదు. ఇటు ఎంత ప్రమాదం ఉందో అటూ అంతే ఉందంటాడాయన. వెదికినది ఫలించలేదని ఇంకొకటి, అదీ ఫలించలేదని మరొకటి వెదుక్కుంటూ పోయే కంపెనీకి ఏ విద్యా చేతికి రాదు.

1996లో టష్‌మన్, ఓరైలీ అనే మరి ఇద్దరు పండితులు, ఈ రెండు పనులూ చేయగల సంస్థలకు రెండు చేతులూ సమానంగా ఆడేవాడనే అర్థం వచ్చే విశేషణం తగిలించి వ్యాసం రాశారు. అదేదో కొత్తమాట అనుకున్నారు కాబోలు. విరాటపర్వంలో ఉత్తరకుమారుడికి అర్జునుడు తన పది పేర్లూ చెబుతూ ఆ మాట ఎప్పుడో చెప్పేశాడు. సవ్యసాచి! ఏ చేత్తోనైనా అల్లెతాడు లాగగలిగినవాడు. అయితే అర్జునుడికి ఉన్న సదుపాయం వ్యాపారికి లేదు. అర్జునుడి రెండు చేతులకూ శత్రువు ఒకడే. వ్యాపారి కుడిచెయ్యి ఇవాళ్టి గిరాకీతో యుద్ధం చేస్తుంటే, ఎడమచెయ్యి ఇంకా పుట్టని గిరాకీమీద బాణం వెయ్యాలి.

ఈ యుద్ధం ఎల్లా ఉంటుందో చూడాలంటే మాకు దూరం పోనక్కరలేదు. మా శేరిలింగంపల్లి మండలంలోనే మియాపూర్ ఉంది. అక్కడ ఆల్విన్ చౌరస్తా అని ఒకటుంది. రోజూ వేలమంది ఆ పేరు చెప్పి బస్సు దిగుతారు. ఆ పేరుగల కంపెనీ మాత్రం లేదు. హైదరాబాద్ ఆల్విన్ 1942లో నిజాం కాలంలో పుట్టింది. దాని బీరువాలూ, రిఫ్రిజిరేటర్లూ, బస్సు బాడీలూ చూడని పెద్దలు హైదరాబాదులో ఉండరు. మా మేనత్తగారింట్లో ఆల్విన్ ఫ్రిజ్ ముప్ఫై ఏళ్ళు నడిచింది. ఇనపరేకును వంచి, అతికి, పెట్టెగా చెయ్యడం ఆ కంపెనీ కుడిచేతి విద్య. 1980లు వచ్చేసరికి ఒకేసారి రెండు కొత్త దారులు పట్టింది: జపాన్ సీకో కంపెనీతో చేతిగడియారాలు, నిస్సాన్ కంపెనీతో చిన్న లారీలు. గడియారం సంగతి వేరు, లారీ సంగతి వేరు, ఫ్రిజ్ సంగతి మరీ వేరు. రెండు కొత్తవాటికీ విద్య జపానునుంచి అరువు, పెట్టుబడి భారీ. 1990ల్లోకి వచ్చేసరికి లారీల వ్యాపారం మహీంద్రావారి చేతికీ, ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్‌వారి చేతికీ పోయాయి. గడియారాలు ఆగిపోయాయి. సర్కారీ యాజమాన్యం వల్ల అన్నవాళ్ళున్నారు, పోటీ వల్ల అన్నవాళ్ళున్నారు. రెండూ నిజమే కావచ్చు. నాకు కనిపించేది మాత్రం ఇది: ఎడమచేతిలో ఒకేసారి రెండు విల్లులు పట్టుకున్నాడు, ఈలోగా కుడిచేతి పట్టు సడలింది.

అదే మియాపూర్‌లో, బొల్లారం పోయే రోడ్డులో, ఇంకో కథ నడిచింది. దానిమీద నాకు మక్కువ ఎక్కువ. డాక్టర్ అంజిరెడ్డిగారు గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతుబిడ్డ. పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో డాక్టరేటు చేసి, బాలానగర్‌లోని ఐ.డి.పి.ఎల్.లో ఉద్యోగం చేశారు. తరవాత పాతిక లక్షల సొంత పెట్టుబడితో 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ పెట్టారు. ఆ రోజుల్లో మన పేటెంటు చట్టం, 1970లో చేసినది, మందుకు పేటెంటు ఇచ్చేది కాదు, మందు తయారుచేసే పద్ధతికే ఇచ్చేది. అంటే దొరలు కనిపెట్టిన మందునే మనం వేరే దారిలో, చవకలో చేసుకోవచ్చు. ఆ వేరే దారి వెదకడంలో హైదరాబాదు రసాయనికులు ఆరితేరారు. కడుపులో మంటకు వాడే ఓమెజ్ మాత్ర ఎరగని ఇల్లుందా? అది అల్లాంటి కుడిచేతి పనే. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఖరీదైన మందును బీదవాడి అందుబాటులోకి తేవడం తక్కువ విద్యా?

కాని రాబోయే రోజుల్లో చట్టం మారుతుందని అంజిరెడ్డిగారికి తెలుసు. ప్రపంచ వాణిజ్య ఒప్పందాలు తలుపు తడుతున్నాయి. (2005లో మారనే మారింది; మందుకే పేటెంటు వచ్చింది.) అంచేత 1993లో మియాపూర్‌లో పరిశోధనాలయం పెట్టి, లోకంలో ఎవరూ చెయ్యని మందు మనం చేద్దామన్నారు. 1997లో అక్కడ పుట్టిన బాలాగ్లిటజోన్ అనే మధుమేహపు మందును డెన్మార్కులోని నోవో నార్డిస్క్ కంపెనీకి లైసెన్సు ఇచ్చారు. ఒక భారతీయ కంపెనీ సొంత అణువును విదేశానికి ఇవ్వడం అదే మొదటిసారి. మరుసటేడు రాగాగ్లిటజార్ అనే ఇంకోటి అదే కంపెనీకి. మనవాళ్ళు కనిపెట్టిన మందు! ఊరంతా పండగ.

2001లో ఆ ఇంట రెండు చేతులూ ఒకేసారి ఆడాయి. ఏప్రిల్‌లో కంపెనీ షేర్లు న్యూయార్కు స్టాకు ఎక్స్చేంజికి ఎక్కాయి. ఆగస్టులో అమెరికాలో ఫ్లూఆక్సిటిన్ మాత్రల మీద, అంటే ప్రోజాక్ అని పేరుపడ్డ మనోవ్యాధి మందు 40 మిల్లీగ్రాముల మోతాదు మీద, 180 రోజులపాటు తామొక్కరే అమ్ముకునే హక్కు దక్కింది. పేటెంటును మొదట సవాలు చేసినవాడికి అక్కడి చట్టం ఇచ్చే బహుమానం అది. ఆ ఆర్నెల్లూ డబ్బు వరదలా వచ్చింది. కుడిచెయ్యి సంపాదన, ఎడమచెయ్యి స్వప్నం. ఇంతకంటె ఏం కావాలి?

2002లో పరీక్షల్లో ఉండగా రాగాగ్లిటజార్ ఇచ్చిన ఎలుకల్లో మూత్రాశయపు కంతులు కనిపించాయి. నోవో కంపెనీ మనుషులమీద పరీక్షలు ఆపేసింది. ఆపవలసిందే. తరవాత బాలాగ్లిటజోన్‌నూ వదులుకుంది. ఇటు ఆర్నెల్ల హక్కు అయిపోయింది, మరో పెద్ద మందు మీద కోర్టు తీర్పు ఎదురుతిరిగింది. 2004-05లో లాభం నిలువునా పడిపోయింది. సరిగ్గా అప్పుడే పరిశోధన ఖర్చు పెరిగిపోతోంది.

ఇక్కడే అసలు పరీక్ష. ఇల్లాంటి సమయంలో సామాన్యంగా జరిగేది రెండే. ఎడమచేతిని నరికేస్తారు, లేకపోతే ఇల్లు తాకట్టు పెట్టి మరీ ఎడమచేతికి పెడతారు. వీళ్ళు మూడో పని చేశారు. 2005లో పెర్లెకాన్ ఫార్మా అని వేరే కంపెనీ పెట్టి, నాలుగు అణువుల్ని దానికి అప్పజెప్పారు. దాని మూలధనం 5 కోట్ల 25 లక్షల డాలర్లు. అందులో సొంతానిది 75 లక్షలే. మిగతాది రెండు పెట్టుబడి సంస్థలు చెరి 2 కోట్ల 25 లక్షలు వేసుకున్నాయి. పోతే ఎంత పోతుందో ముందే తెలిసింది. కందిపొడి డబ్బు వేరు, పులిహోర డబ్బు వేరు అయ్యాయన్నమాట. ఆ అణువులు కూడా మందుల షాపు దాకా రాలేదు. 2008లో ఆ కంపెనీని మళ్ళీ తనలో కలిపేసుకున్నారు. కాని ఇల్లు కూలలేదు.

తెలిసిన దారి క్షేమం అనుకునేవాళ్ళకు ఒక మాట. ఇదే కంపెనీ 2006లో బీటాఫార్మ్ అనే జర్మన్ మందుల కంపెనీని 48 కోట్ల యూరోలకు కొన్నది. సొంత అణువులూ కాదు, స్వప్నాలూ కాదు. శుభ్రంగా తెలిసిన వ్యాపారం. జర్మనీలో మందులకు టెండర్లు పిలిచే పద్ధతి వచ్చి ధరలు విరిగిపోయాయి. ఆ కొన్న విలువలో చాలాభాగం పుస్తకాల్లో కొట్టివెయ్యవలసి వచ్చి, 2008-09లో కంపెనీ నష్టం చూపింది. ఎడమచెయ్యి మీద ఉన్నంత అనుమానం కుడిచెయ్యి మీద ఎవరూ పెట్టుకోరు. అందుకే అది పెద్ద దెబ్బలు కొడుతుంది.

అంజిరెడ్డిగారు 2013 మార్చి 15న కన్నుమూశారు. లోకానికి సొంత మందు ఇవ్వాలన్న కోరిక తీరలేదు. ఆయన ఆత్మకథకు అసంపూర్ణమైన కార్యక్రమం అని అర్థమొచ్చే పేరే పెట్టారు. అయితే ఆ ఇరవై ఏళ్ళ వెదుకులాట వృథా అంటారా? అనేవాళ్ళు లెక్క చూపించగలరు. నేను వాదించలేను. కంపెనీ మాత్రం నిలిచింది, వేలమందికి జీతాలిస్తోంది, ప్రపంచమంతా మందులు పంపుతోంది. ఆల్విన్ పేరు చౌరస్తాకు మిగిలింది.

ఇది ఒక ఊరి రెండు కథలతో తేల్చే విషయం కాదంటారని తెలుసు. సరే. 2004లో హీ, వాంగ్ అనే పరిశోధకులు సింగపూరులోనూ మలేషియా పినాంగులోనూ 206 తయారీ కంపెనీలను వాకబు చేశారు. రెండు రకాల కొత్తదనాన్నీ జతగా సాగించినవాటికి అమ్మకాలు ఎక్కువ వేగంగా పెరిగాయనీ, ఒక చెయ్యి బలిసి రెండోది చిక్కినవాటికి ఆ పెరుగుదల తగ్గిందనీ తేలింది. 2009లో చైనా కంపెనీల మీద వచ్చిన మరో పరిశీలన నాకు ఎక్కువ పనికొచ్చింది. డబ్బూ మనుషులూ దండిగా ఉన్న కంపెనీ రెండు చేతులూ ఎంత గట్టిగా ఆడిస్తే అంత మంచిదిట. చేతిలో తక్కువ ఉన్నవాడికి మాత్రం రెండు చేతుల బరువూ సరితూగడం ముఖ్యమట. బరువు తప్పితే పడేది వాడే.

మా అన్నయ్య ఆ రెండో జాతి. ఈ కాయితాలు వాడికి చూపించలేదు, కళ్ళజోడు పెట్టుకుని చదివే రకం కాదు. ఒకటే అడిగాను. "అన్నయ్యా, మిరపకాయ డబ్బు ముట్టుకోకుండా, పోయినా నువ్వు నిద్రపోగలిగేది ఎంత?" అని. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఒక అంకె చెప్పాడు. పిల్ల అడిగినదానిలో మూడోవంతు. పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. దాన్నీ ఒకటి అడిగాను. "మర తీసేస్తే మీ నాన్న చేతివిద్య ఎక్కడ పెడతావే?" దానికి అది జవాబు చెప్పలేదు గాని, మర తీసెయ్యాలన్న మాట అక్కడితో వదిలేసింది.

చివరకు కుదిరిన బేరం ఇది. మిరపకాయ మామూలుగానే కొన్నారు. కొట్టు వెనక సామాన్ల గది పిల్లకు ఇచ్చారు. దానికి వేరే బ్యాంకు ఖాతా. రెండేళ్ళదాకా లాభమెంతని అన్నయ్య అడగకూడదు. ఎంతమంది రెండోసారి కొన్నారో మాత్రం అడగవచ్చు. ఈ షరతు నాది, చెప్పుకోవడానికి కాస్త గర్వంగానే ఉంది. రెండేళ్ళలో ఆ డబ్బు అయిపోతే ఇంకో రూపాయి అడగకూడదు. రెండు పద్దు పుస్తకాలూ వదిన దగ్గర. ఆవిడ డిగ్రీలో కామర్సు చదివిందన్న సంగతి మా ఇంట్లో అందరం మరిచిపోయాం.

ఎనిమిది నెలలైంది. మొన్న వెళ్ళినప్పుడు వదిన పుస్తకం చూపించింది. పప్పుచారు పొడి ఫరవాలేదట, కొన్నవాళ్ళు మళ్ళీ వస్తున్నారు. పులిహోర ముద్ద ఏడువందల ప్యాకెట్లు వేస్తే నూటనలభై తిరిగొచ్చాయి. చింతపండులో తేమ చావడం లేదు, మూడో వారానికి బూజు. పిల్ల ఏవో మందులు కలపాలా వద్దా అని పుస్తకాలు తిరగేస్తోంది, కలపడం దానికి ఇష్టం లేదు. నేను లేచి వస్తుంటే రాత్రి తొమ్మిదిన్నర. మర ఆపేశారు, కొట్టు తలుపు దించేశారు. వెనకనుంచి పోపు వాసన వస్తోంది. తొంగి చూద్దును గదా, అన్నయ్య చొక్కా విప్పేసి, వేయించే డ్రమ్ము కింద మంట బాగా తగ్గించి, అందులో చింతపండు గుజ్జు పోసి, నూనె పైకి తేలేదాకా తిప్పుతూ నించున్నాడు.

"దానికి చెప్పకు. ముందు కుదరనీ" అన్నాడు.